మన్రో దొర: పొలం గట్టు మీది కలెక్టరు

కృష్ణగిరి, ధర్మపురి వైపు మన కుటుంబాలకూ, బళ్లారి మనవాళ్లకూ ఉమ్మడిగా గుర్తుండాల్సిన పేరు సర్ థామస్ మన్రో. 1761లో గ్లాస్గోలో పుట్టి, కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసుకు వచ్చాడు.

1792లో టిప్పు నుంచి బారామహల్ కంపెనీ చేతికి వచ్చింది. అక్కడి భాషలు వచ్చిన సివిల్ ఉద్యోగులు కరవై, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద సైనికాధికారులను వేశారు. వారిలో ఒకడు మన్రో. ఊరూరా తిరిగి, రైతుతో నేరుగా మాట్లాడి శిస్తు కట్టడం అక్కడే నేర్చాడు. రైతువారీ పద్ధతికి పునాది అది.

1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరయ్యాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలన్నీ ఆయన కిందే. డేరాలలో మకాం వేస్తూ పొలాలు కొలిపించాడు. పాళెగాళ్లను మాత్రం కఠినంగా అణచివేశాడు. అందుకు లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే అభ్యంతరం చెప్పారు. ఆ సంగతి దాచి ఆయనను పొగడడం మనకు తగదు.

శిస్తు కూడా బరువుగానే ఉండేది. పై వాళ్లకు రాబడి కావాలి, ఎదుట ఎండిన చేను ఉంది. ఆ రెంటి మధ్యా నలిగేవాడు కలెక్టరే. 1807లో మన్రో శిస్తును నాలుగో వంతు తగ్గించమని రాశాడు. పైవారు ఒప్పుకోలేదు. ఆయన సీమకు వెళ్లాక ఊళ్లను గుత్తకిచ్చారు. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాకే రైతువారీ మళ్లీ నిలదొక్కుకుంది.

1827లో పదవి వదిలి వెళ్లబోతూ పాత మండలాలను కడసారి చూడబోయి, జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. గుత్తిలో పాతిపెట్టి, తరవాత అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. చెన్నైలో గుర్రం మీది ఆయన విగ్రహాన్ని మనం చూస్తూనే ఉంటాం.

చట్టం రాజధానిలో పుట్టినా, అది రైతుకు ఎలా తగులుతుందో తేల్చేది ఊళ్లోకి వచ్చిన ఉద్యోగే. అతనికి మన మాట అర్థం కావాలి, చూసింది పైకి రాసే ధైర్యం ఉండాలి. పొరుగు రాష్ట్రాల్లో తెలుగు మాట్లాడుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరిగే మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.