బోదకాలుకు మందు, కేన్సర్‌కు పగ్గం
డెల్టా గడ్డపై పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

కృష్ణా డెల్టాలో కాలువ గట్ల పక్కన పుట్టి పెరిగిన పాతతరం వారికి బోదకాలు గురించి వేరే చెప్పనక్కరలేదు. ఉన్నట్టుండి చలిజ్వరం రావడం, గజ్జల్లో బిళ్ళలు కట్టడం, కాలు ఎర్రబడి వాచడం, నాలుగు రోజులకు తగ్గడం, మళ్ళీ కొన్నాళ్ళకు రావడం. ఇలా ఏళ్ళు గడిచేసరికి కాలు మొద్దుబారి ఏనుగు కాలులా తయారయ్యేది. పొలం పని చేసుకునేవాడు మంచాన పడేవాడు. ఆడపిల్లకు ఈ జబ్బు ఉన్నదని తెలిస్తే కుదిరిన సంబంధం కూడా తప్పిపోయేది. ఇది పూర్వజన్మ పాపమనీ, నీటి దోషమనీ జనం నమ్మేవారు.

ఈ జబ్బుకు పనిచేసే మందు 1947లో అమెరికాలో ఒక పరిశోధనశాల నుంచి వచ్చింది. దాని పేరు హెట్రజాన్. ఆ పరిశోధనలకు నాయకత్వం వహించిన శాస్త్రజ్ఞుడు భీమవరంలో పుట్టిన తెలుగువాడు కావడం విశేషం. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. బోదకాలు మందు ఒక్కటే కాదు, గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం బిళ్ళ, కేన్సర్ రోగులకు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాల నుంచి వచ్చినవే.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. అప్పుడు అది గోదావరి జిల్లా. 1904లో జిల్లాల సరిహద్దులు మార్చినప్పుడు భీమవరం తాలూకాను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేవరకు అది కృష్ణా జిల్లాలోనే ఉంది. కనుక సుబ్బారావు దేశం విడిచి వెళ్ళిన నాటికి ఆయన సొంత ఊరు కృష్ణా జిల్లా కిందనే ఉండేది.

అరటిపళ్ళ బేరం

తండ్రి జగన్నాథం చిన్న రెవెన్యూ ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఏడుగురు పిల్లల సంసారం. తల్లి వెంకమ్మ గట్టి మనిషి. పిల్లలు చదువుకుంటేనే ఇల్లు నిలబడుతుందని ఆమె పట్టుదల. సుబ్బారావుకు మాత్రం చిన్నతనంలో చదువు మీద ధ్యాస లేదు. 13 ఏళ్ళ వయసులో, కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మితే బోలెడు డబ్బు సంపాదించవచ్చునని ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి వెంటనే పట్టి తెప్పించి రాజమండ్రిలో బడికి పంపింది.

మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. ఈ మధ్యలోనే తండ్రి చనిపోయారు. తల్లి నగలు అమ్మి కొడుకును మద్రాసు పంపింది. అక్కడి హిందూ హైస్కూలులో చదివి మూడోసారి గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్ చదివేటప్పుడు మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నారు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. వైద్యం చదివితే జనానికి సేవ చేసే మార్గం దొరుకుతుందని మఠం పెద్దలు నచ్చజెప్పడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువు ఖర్చుకు సాయపడ్డారు.

అన్నదమ్ముల చావు

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన ఆ రోజుల్లోనే జరిగింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఇద్దరినీ కబళించినది స్ప్రూ అనే జబ్బు. మనవాళ్ళు గ్రహణి అనేది ఇలాంటి జబ్బునే. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడి మనిషి ఎముకల గూడవుతాడు. డాక్టరీ చదువుతున్న సుబ్బారావు తోడబుట్టినవారిని కాపాడుకోలేకపోయారు. కాపాడే మందు అప్పటికి ఇంగ్లీషు వైద్యంలో లేదు.

తర్వాత అదే జబ్బు ఆయనకూ సోకింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్స చేసి బతికించారు.

గాంధీజీ పిలుపు విని సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్ళేవారు. ఇది దొరతనం వారి కాలేజీ. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది గిట్టలేదు. చివరికి ఆయన చేతికి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. సర్కారు ఉద్యోగం రాలేదు. లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడుగా చేరారు. గ్రహణికి మందు కనిపెట్టాలన్న తపన మాత్రం ఆయనను వదలలేదు.

బోస్టన్‌లో రాత్రి కొలువు

1922లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఉష్ణమండల వైద్య పాఠశాలలో సీటు వచ్చింది. ప్రయాణానికి డబ్బు లేదు. మామగారితో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆదుకున్నది. రంగూన్‌లో గడించిన సొమ్మును ధర్మకార్యాలకు రాసి ఇచ్చిన దాత పేరిట వెలసిన సంస్థ అది. గర్భవతి అయిన భార్యను పుట్టింట విడిచి, చదువు ముగించి తిరిగి వస్తానని చెప్పి, ఆ సంవత్సరం అక్టోబరులో సుబ్బారావు బోస్టన్‌లో దిగారు.

మద్రాసు ఎల్.ఎం.ఎస్. అక్కడ డాక్టరు పనికి చెల్లలేదు. పొట్ట గడవడానికి ఒక ఆస్పత్రిలో రాత్రి పూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. పగలు చదువు. డిప్లొమా అయిన తర్వాత జీవరసాయన శాఖలో చేరి సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేశారు. రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో తేల్చే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా అది జీవరసాయన శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ పాఠం. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వెల్లడించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏ.టి.పి.ని కనుగొన్నారు. మనిషి కన్ను ఆర్పాలన్నా, కాలు కదపాలన్నా శక్తినిచ్చేది ఈ ఏ.టి.పి.యే. 1930లో పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరి, అనతికాలంలోనే పరిశోధనలకు డైరెక్టరయ్యారు.

గ్రహణికి జవాబు

1930 ప్రాంతంలో బొంబాయిలో గర్భిణులకు వచ్చే తీవ్ర రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు, ఈస్టు నుంచి చేసిన మార్మైట్ తినిపిస్తే వారు కోలుకోవడం గమనించారు. లివర్‌లోను, ఆకుకూరలలోను ఇలాంటి గుణమే ఉన్నదని తేలింది. ఆ గుణానికి మూలమైన పదార్థమేదో పట్టుకోవడం సుబ్బారావు హార్వర్డ్‌లోనే మొదలుపెట్టిన పని. లెడర్లీలో పెద్ద బృందాన్ని కూడగట్టి దానిని సాధించారు. 1945లో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది.

స్ప్రూ రోగులకు ఈ మందు ఇచ్చి చూసిన వైద్యులకు గొప్ప గుణం కనిపించింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకు, వారిని బతికించగలిగి ఉండే మందు సుబ్బారావు చేతికి వచ్చింది. మన ఊళ్ళలో నర్సమ్మలు గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే బిళ్ళలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. గర్భం ధరించడానికి ముందు నుంచే ఇది వాడితే పుట్టబోయే బిడ్డకు వెన్నెముక లోపాలు రాకుండా చాలావరకు కాపాడుతుందని తర్వాతి పరిశోధనలు రుజువు చేశాయి.

పసిపిల్లల రక్త కేన్సర్

బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త కేన్సర్‌తో బాధపడే పిల్లలను చూస్తుండేవారు. ఆ రోజుల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొద్ది వారాలలో, మహా అయితే కొన్ని నెలలలో చనిపోయేవారు. లెడర్లీ నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్ల సంబంధమైన మందులు ఇస్తే జబ్బు తగ్గడానికి బదులు ముదిరినట్టు ఫార్బర్‌కు అనిపించింది. అంటే కేన్సర్ కణాలు పెరగడానికి ఈ విటమిన్ కావాలన్నమాట. అయితే దానిని అందకుండా చేస్తే ఎలా ఉంటుంది?

సుబ్బారావు బృందం ఇందుకు తగిన పదార్థాలను తయారుచేసి పంపింది. అవి చూడడానికి ఫోలిక్ ఆమ్లం లాగే ఉంటాయి, కాని ఆ పని చేయవు. దొంగ తాళంచెవి దూర్చితే తాళం బిగుసుకుపోయినట్టు, వీటిని పుచ్చుకున్న కేన్సర్ కణం విభజన చెందలేక ఆగిపోతుంది. వాటిలో అమినోప్టెరిన్ అనే మందును ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. 1948 జూన్‌లో ఈ ఫలితాలు ప్రకటించారు. ఆ ఉపశమనం కొంతకాలమే నిలిచింది. కాని కేన్సర్‌ను మందుతో లొంగదీయవచ్చునన్న నమ్మకం కలిగించిన తొలి విజయాలలో అది ఒకటి.

అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌తో 1956లో అమెరికా వైద్యులు, గర్భం తర్వాత మాయ కణాలనుంచి పుట్టే ఒక రకం కేన్సర్‌ను పూర్తిగా నయం చేయగలిగారు. పిల్లల రక్త కేన్సర్ చికిత్సలో ఈ మందు నేటికీ తప్పనిసరి. మంచి వైద్యం పూర్తిగా అందిన చోట్ల అలాంటి పిల్లలలో నూటికి 80 మందికి పైగా బతికి బట్టకడుతున్నారు. కీళ్ళవాతానికి, సోరియాసిస్ అనే చర్మవ్యాధికి కూడా డాక్టర్లు దీనినే తక్కువ మోతాదులో వారానికొకసారి వాడిస్తున్నారు.

అర్ధరాత్రి రక్తపరీక్ష

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా బారిన పడ్డారు. దానికి మందు కోసం లెడర్లీలో సాగిన కృషి ఫలితమే హెట్రజాన్. దీని శాస్త్రీయ నామం డైఇథైల్ కార్బమజైన్. డి.ఇ.సి. బిళ్ళ అంటే ఆరోగ్య కార్యకర్తలందరికీ తెలుసు.

ఫైలేరియా పురుగులు దోమకాటు ద్వారా మనిషిలో ప్రవేశిస్తాయి. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఇందుకు వాహనం. పల్లపు నేలలు, పారని మురుగు కాల్వలు, మూతలేని మరుగు గుంటలు ఉన్న డెల్టా ప్రాంతం దానికి పుట్టిల్లు. పెద్ద పురుగులు పెట్టే సూక్ష్మమైన పిల్లపురుగులు పగలు రక్తంలో కనిపించవు. రాత్రి పొద్దుపోయాకే చర్మం దాపు రక్తనాళాలలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది రాత్రి పూట ఇంటింటికీ తిరిగి వేలికొన నుంచి రక్తపు చుక్క తీస్తారు. నిద్ర లేపినందుకు విసుక్కున్న ఇళ్ళూ ఉన్నాయి, తలుపు తీయని ఇళ్ళూ ఉన్నాయి.

అసలు కీలకం ఇక్కడే ఉన్నది. డి.ఇ.సి. బిళ్ళ రక్తంలోని పిల్లపురుగులను చంపుతుంది. కాని ఏళ్ళ తరబడి వాచి మొద్దుబారిన కాలును తిరిగి మామూలుగా చేయలేదు. కాలు వాచక ముందే, మనిషి పైకి ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడే, పరీక్ష చేయించుకుని మందు మింగాలి. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి ఈ వ్యాధి ఉన్న జిల్లాలలో ఏడాదికొకసారి అందరికీ మందు మింగించే పద్ధతి దేశవ్యాప్తంగా వచ్చింది. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు.

కేన్సర్‌కూ ఇదే వర్తిస్తుంది. 30 ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేసే కార్యక్రమం ఇందుకే పెట్టారు. మందు ఎంత గొప్పదైనా వేళకు వచ్చిన రోగికే పూర్తిగా అక్కరకు వస్తుంది.

తిరిగి రాని ప్రయాణం

ప్లేగు వంటి అంటువ్యాధులకు పనికివచ్చే టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో ప్రకటించారు. దానిని కనుగొన్న బెంజమిన్ డగ్గర్ కూడా సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధన శాఖలోనే పనిచేశారు. బృందం చేసిన పనికి తన పేరు ముందు పెట్టుకోవడం సుబ్బారావుకు ఇష్టం ఉండేది కాదు. కనుకనే ఆ మందులు ప్రపంచమంతా తెలిసినా ఆయన పేరు ఎక్కువమందికి తెలియలేదు.

ఈ కీర్తికి ఇంట్లోవారు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ఆయన వెళ్ళాక పుట్టిన కుమారుడు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఒక పరిశోధన తర్వాత మరొకటి అడ్డుపడి, 26 ఏళ్ళలో ఆయన ఒక్కసారి కూడా స్వదేశం రాలేదు. నగలు అమ్మి చదివించిన తల్లిని కూడా మళ్ళీ చూడలేకపోయారు.

1948 ఆగస్టులో, దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండబోతున్న వేళ, పెరల్ రివర్‌లో రాత్రి నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. ఫార్బర్ ఫలితాలు వెలువడి రెండు నెలలే అయింది.

1953లో కొత్తగా గుర్తించిన ఒక బూజుజాతికి శాస్త్రజ్ఞులు ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. వీటన్నిటికంటె పెద్ద గుర్తు మాత్రం మన వీధులలోనే ఉన్నది. ఏనుగు కాళ్ళతో ఈడ్చుకుంటూ నడిచే మనుషులు పాతతరం చూసినంతమంది నేడు కనిపించరు. ఫైలేరియా సిబ్బంది రాత్రి వేళ తలుపు తట్టినప్పుడు వేలు చాచి ఒక చుక్క రక్తం ఇస్తే, ఈ డెల్టా బిడ్డ కష్టం వృథా కాదు.