సిటీ లైఫ్ రాసిన ఫొటోగ్రాఫర్

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చేతిలో మూడు పాంప్లెట్లు పడతాయి. ఒకటి జావా, ఒకటి డేటా సైన్స్, ఇంకోటి హాస్టల్. ఇంకో పదడుగులు వేసేలోపు ఆ మూడూ కింద పడతాయి. మనందరికీ తెలిసిన సీనే. ఈసారి సంచికకి చిన్న చిన్న క్షణాల్లో జీవిత పాఠాలు అనే విషయం అనుకున్నాం కాబట్టి, ఈ సీన్ మీద రాయమంటే మనం ఏం రాస్తామో ఊహించడం కష్టం కాదు. కష్టపడితే ఫలితం ఉంటుందనో, అమ్మానాన్నల కలలు మోస్తూ ఇక్కడికి వచ్చామనో రాస్తాం. అలిశెట్టి ప్రభాకర్ అయితే ఇంకో చోట మొదలుపెట్టేవాడు అనిపిస్తుంది. ఆ కాగితాలు పంచే కుర్రాడికి రోజుకి ఎంత ఇస్తారు? వాడు ఏం చదువుకున్నాడు? రాత్రికి రోడ్డు మీద మిగిలిన కాగితాలు పొద్దున్నే ఊడ్చేది ఎవరు?

హైదరాబాద్ వీధుల్ని నాలుగైదు లైన్లలో పట్టుకున్న కవి ఆయన. తెలంగాణలో కవిత్వం చదివే వాళ్లకి కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. కానీ మన క్లాసుల్లో పేరు విన్నవాళ్లు తక్కువే ఉంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ప్రభాకర్ 1954 జనవరి 12న అప్పటి కరీంనగర్ జిల్లా జగిత్యాలలో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఇంటి బరువు ఎప్పుడో పెద్దయ్యాక మోద్దాంలే అనుకునే వీలు ఆ ఇంట్లో లేదు. బొమ్మలు వేయడం ఆయనకి ముందు నుంచీ వచ్చు. పండగల బొమ్మలు, ప్రకృతి దృశ్యాలు, సినిమా తారల ముఖాలు గీసి పత్రికలకి పంపేవాడు. అంటే మొదట ఆయన కూడా అందరికీ నచ్చే అందమైన బొమ్మలతోనే మొదలుపెట్టాడు. జగిత్యాలలో సాహితీ మిత్ర దీప్తి అనే సంస్థ ఉండేది. అక్కడి స్నేహాల్లో బొమ్మల నుంచి కవిత్వం వైపు తిరిగాడు. మొదటి కవిత 1974లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వచ్చింది. అప్పటికి ఆయనది మన వయసే.

కవిత్వం అన్నం పెట్టదు కదా. సిరిసిల్లలో ఒక స్టూడియోలో ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు. 1976లో జగిత్యాలలో స్టూడియో పూర్ణిమ పెట్టాడు. 1979లో కరీంనగర్‌లో స్టూడియో శిల్పి. 1983లో హైదరాబాద్ వచ్చి చిత్రలేఖ. మూడు ఊళ్లు, మూడు స్టూడియోలు, మూడుసార్లు మళ్లీ మొదటి నుంచి. పేర్లు చూడండి, ఒక్కదాంట్లో కూడా కోపం లేదు. అదే సమయంలో ఆయన పుస్తకాల పేర్లు ఎర్ర పావురాలు, మంటల జెండాలు, చురకలు!

ఈ ఫొటో స్టూడియో సంగతి దగ్గర కొంచెం ఆగుతాను. ప్రభాకర్ కవిత్వం అర్థం కావడానికి నాకు ఇదే ఎక్కువ ఉపయోగపడింది. అప్పటి బ్లాక్ అండ్ వైట్ స్టూడియో అంటే ముందు గదిలో రంగులు వేసిన పరదా, ఒక స్టూలు, రెండు లైట్లు. వెనక చీకటి గది, ఎర్ర బల్బు, డెవలపర్ ట్రే, ఫిక్సర్ ట్రే. ఫిల్మ్ లెక్కపెట్టి వాడాలి. ఒక క్లిక్ అంటే డబ్బులు. మనం ఒక చాయ్ గ్లాసుకి పద్దెనిమిది ఫొటోలు తీసి పదిహేడు డిలీట్ చేసినట్టు కుదరదు. ఇందులో ఏం పెట్టాలి, ఏం వదిలెయ్యాలి అనేది నొక్కక ముందే తేల్చుకోవాలి. ఆయన కవితలు అంత పొట్టిగా ఎందుకు ఉంటాయంటే 1970ల చివర్లో మినీ కవిత ఊపులో ఉండటం ఒక కారణం. రోజంతా ఫ్రేము కట్టే పని చేసే మనిషి కావడం ఇంకో కారణం అని నా నమ్మకం.

ఆ పనిలోనే రీటచింగ్ అని ఒకటుంది. నెగిటివ్‌లో వెలుగు నీడలు తిరగబడి ఉంటాయని తెలిసిందే. ముఖం మీద ముడత, మచ్చ, కళ్ల కింద నలుపు ప్రింట్‌లో నల్లగా పడతాయి కాబట్టి నెగిటివ్‌లో అవి పల్చగా, దాదాపు పారదర్శకంగా ఉంటాయి. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో అక్కడ మెల్లగా నింపితే, ప్రింట్ తీసేటప్పుడు ఆ చోటు నుంచి వెలుతురు తక్కువ పోతుంది, ముడత తేలిపోతుంది. పెళ్లి చూపులకి పంపే ఫొటో అయినా, అప్లికేషన్ మీద అంటించే ఫొటో అయినా స్టూడియో వాడి నైపుణ్యం సగం ఇక్కడే. అంటే ఆ పని చేసేవాడికి ఒక సంగతి అందరికంటే బాగా తెలుస్తుంది. మనుషులు తమ ముఖాల్లోంచి ఏం చెరిపెయ్యమంటున్నారో తెలుస్తుంది.

ప్రభాకర్ కవిత్వంలో ఉన్నది అలా చెరిగిపోయేదే. ఆకలి, అద్దె, నిరుద్యోగం, లంచం, ఎన్నికల హామీ, సందు చివర నిలబడ్డ ఆడమనిషి. వేశ్య మీద ఆయన రాసిన చిన్న కవిత తెలుగులో చాలామందికి నోటికి వచ్చు. నాలుగు లైన్లే. చదివాక ఆమె మీద జాలి పడి పక్కకి వెళ్లిపోదామంటే కుదరదు, మన చూపు గురించే అడుగుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ దాన్ని ఎత్తి రాయడం లేదు. వెతికి చదవండి, అర నిమిషం పని.

జగిత్యాల వాతావరణాన్ని కూడా చెప్పాలి. ఎమర్జెన్సీ అయిపోయిన ఏడాదిన్నరకి, 1978 సెప్టెంబర్‌లో, జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. చుట్టుపక్కల పల్లెల రైతు కూలీలు దొరల పెత్తనానికి ఎదురు నిలిచి పట్నంలోకి కదిలి వచ్చారు. ఎర్ర పావురాలు వచ్చింది కూడా అదే 1978లో. మంటల జెండాలు ఆ మరుసటి ఏడు, చురకలు 1981లో. ఆ ఊళ్లో ఆ రోజుల్లో పాతికేళ్ల కుర్రాడు కవిత్వం రాస్తే అందులో నిప్పు ఉండటంలో ఆశ్చర్యం లేదు. అలా రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఆశ్చర్యంగా ఉన్నది ఆ తర్వాతి సంగతి. ఉద్యమాల ఊరు వదిలి, ఎవరికీ ఎవరూ పట్టని నగరానికి వచ్చాక కూడా ఆయన చూపు మొద్దుబారలేదు. ఊళ్లో జనం గుంపుగా కనిపించారు. ఇక్కడ ఒక్కొక్కరుగా కనిపించారు. అంతే తేడా.

హైదరాబాద్ వచ్చాక ఆంధ్రజ్యోతి దినపత్రికలో సిటీ లైఫ్ పేరుతో సుమారు ఆరేళ్ల పాటు చిట్టి కవితలు రాశాడు. ఆరేళ్లు అంటే మన బీటెక్ కన్నా రెండేళ్లు ఎక్కువ. పొద్దున్నే పేపర్ తెరిచిన మనిషి వార్తల మధ్యలో ఆ నాలుగు లైన్లు చదివి, అదే నగరంలోకి బస్సెక్కి వెళ్లేవాడు. కవిత్వం పుస్తకాల షాపుకి వెళ్లి కొనుక్కునేవాళ్లకే కాకుండా, చాయ్ హోటల్లో పేపర్ తిరగేసే వాళ్లకి కూడా అందింది. తన కవితలకి తనే బొమ్మలు గీసి ప్రదర్శనలు పెట్టాడు. ఇప్పుడు మనం పోస్టర్ చేసి షేర్ చేస్తాం కదా, దాదాపు అదే పని, చేత్తో. సిటీ లైఫ్ 1992లో పుస్తకంగా వచ్చింది.

రోజూ చూసే దాంట్లోంచే రోజూ ఏదో ఒకటి తియ్యడం ఎంత కష్టమో ఒకసారి చేసి చూస్తే తెలుస్తుంది. మైత్రీవనంలోనే ప్రయత్నించండి. అక్కడ జిరాక్స్ షాపుల్లో కోర్సుల నోట్సు కట్టలు కట్టలుగా అమ్ముతారు. చేత్తో రాసిన నోట్సు, కాపీకి కాపీ తీసి అక్షరాలు పలచబడి ఉంటాయి. ఎవరో ఒక విద్యార్థి క్లాసులో కూర్చుని శ్రద్ధగా రాసుకున్నదే అది. ఆ చేతిరాత వేలమంది దగ్గర ఉంది, రాసిన మనిషి పేరు ఒక్కరికీ తెలియదు. ఆ మనిషికి ఉద్యోగం వచ్చిందా? ఇంకొంచెం లోపలికి సందుల్లోకి వెళ్తే హాస్టళ్లు. ఫోర్ షేరింగ్, ఫైవ్ షేరింగ్ అని బోర్డులు. షేరింగ్ అనే మాట ఎంత మంచి మాటో, అక్కడ దానికి అర్థం మంచానికీ మంచానికీ మధ్య మూరెడు జాగా. రాత్రి పదకొండుకి టిఫిన్ బండి దగ్గర ఫోన్లో ఇంటికి మాట్లాడుతూ తిన్నానమ్మా, బానే ఉంది అని చెప్పే వాళ్లు ఒక్కరోజూ ఉండకుండా ఉండరు. అది కూడా రీటచింగే. ఇంటికి పంపే గొంతులోంచి ముడత తీసేసి పంపడం.

ప్రభాకర్ ఇలాంటి క్షణాల్లోంచి తీసింది ఓదార్పు కాదు. ఈ క్షణానికి ధర ఎవరు కడుతున్నారు అనే లెక్క తీశాడు. చిన్న విషయాల్లో ఆనందం వెతుక్కోండి అనే మాట మీద నాకేమీ పగ లేదు. కానీ ఆ మాట చెప్పేవాడు ఎప్పుడూ చాయ్ తాగే వైపు ఉంటాడు, గ్లాసులు కడిగే వైపు ఉండడు. ప్రభాకర్ ఆ రెండో వైపు నుంచి చూశాడు. అది ఊరికే దొరికిన చూపు కూడా కాదు. ఆయన ఇంటి సంగతే అది.

స్టూడియోల మీద డబ్బు మిగల్లేదు. 1980లు గడిచే కొద్దీ కలర్ ఫొటోలు, కలర్ ల్యాబులు వచ్చి చిన్న బ్లాక్ అండ్ వైట్ స్టూడియోల పని తగ్గిపోయింది. చీకటి గదిలో ప్రింట్ తీయడం వచ్చిన చేతులకి గిరాకీ పోయింది. టెక్నాలజీ మారినప్పుడు ఏం జరుగుతుందో అమీర్‌పేటలో బోర్డులు మారడం చూస్తున్న మనకి వేరే చెప్పాలా. మైత్రీవనం దగ్గర్లోనే సారథి స్టూడియోస్ ఉంది, హైదరాబాద్‌లో సినిమా పరిశ్రమకి తొలి అడుగుల్లో ఒకటి. పదాలు పొదుపుగా వాడటం వచ్చిన మనిషికి ఆ వైపు వెళ్తే నాలుగు డబ్బులు వచ్చేవేమో. ప్రభాకర్ సినిమా కవి కాలేదు. ఫొటోలు తీసుకుంటూ, కవిత్వం రాసుకుంటూ ఉండిపోయాడు. 1990లో సంక్షోభ గీతం వచ్చింది. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది.

క్షయ. టీబీకి అప్పటికే మందులు ఉన్నాయి, అది నయమయ్యే జబ్బే. కానీ నెలల తరబడి ఒక్కరోజు తప్పకుండా మందు మింగాలి, దానికి తగ్గ తిండి ఉండాలి, విశ్రాంతి ఉండాలి. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది. రోగి ఎదురుగా మందు మింగించి, కోర్సు పూర్తయ్యేదాకా కనిపెట్టి ఉండే డాట్స్ పద్ధతిని మన దేశంలో ప్రయోగంగా మొదలుపెట్టింది 1993లో. దేశవ్యాప్త కార్యక్రమం 1997లో వచ్చింది. మైత్రీవనం నుంచి మెట్రోలో మూడు స్టేషన్లు వెళ్తే ఎర్రగడ్డ. అక్కడి ఛాతీ ఆసుపత్రిని జనం ఇప్పటికీ టీబీ దవాఖాన అనే అంటారు. మియాపూర్ వైపు వెళ్లే రైల్లో మనం రోజూ దాటే స్టేషనే.

ప్రభాకర్ చేయి చాచే మనిషి కాదని ఆయన్ని ఎరిగినవాళ్లు రాశారు. దీన్ని ఆత్మాభిమానం అని పొగడటం చాలా తేలిక. సభల్లో అలాగే పొగుడుతారు. నాకు మాత్రం ఆ పొగడ్త దగ్గర కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఇంట్లో భార్య ఉంది, చిన్న పిల్లలు ఉన్నారు. ఆ ఆత్మాభిమానం ఖర్చులో వాళ్ల వాటా కూడా ఉంది. ఇంకోటి కూడా ఉంది. ఆరేళ్లు తన కవితతో పొద్దున్నే నగరాన్ని నిద్ర లేపిన మనిషి మందులకీ తిండికీ ఎవర్నో అడగాల్సిన స్థితి ఎందుకు రావాలి? ఆయన అడగలేదని మెచ్చుకునే ముందు ఈ ప్రశ్న వెయ్యాలి కదా. ఇంకెవరి గురించైనా అయితే ప్రభాకరే నాలుగు లైన్లలో వేసేవాడు.

1993 జనవరి 12న చనిపోయాడు. పుట్టినరోజు నాడే. నలభై కూడా నిండలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత, 2013లో, మిత్రులు ఆయన కవితలన్నీ ఒక్క పుస్తకంగా తెచ్చారు. లావు పుస్తకమే కానీ వరసగా చదవాల్సిన పని లేదు. ఎక్కడ తెరిచినా ఒక కవిత అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పచ్చగా మారేలోపు అయిపోతుంది. మొదట సిటీ లైఫ్ చదవండి. బస్సులో అయితే ఇంకా మంచిది, కిటికీ పక్కన సీటు దొరికితే.