మా తాత గొంతులో జాషువా

మనలో చాలామందికి గుర్రం జాషువా అంటే తెలుగు వాచకంలో ఒక పాఠం. కవి పరిచయానికి నాలుగు మార్కులు. పుట్టింది 1895 సెప్టెంబర్ 28, ఊరు వినుకొండ, బిరుదులు కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి, రచనలు గబ్బిలం, ఫిరదౌసి. నేనూ అంతవరకే బట్టీ పట్టాను, మార్కులు తెచ్చుకున్నాను, మర్చిపోయాను.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. 2023లో సెప్టెంబర్ 28 గురువారం పడింది. అదే రోజు మిలాద్ ఉన్ నబీ, అదే రోజు అనంత చతుర్దశి. సెలవు కలిసొచ్చి ఇంటికి వెళ్లాను. ఊళ్లో కొందరు పెద్దలు కలిసి జాషువా జయంతి చేస్తున్నారని అక్కడికెళ్లాకే తెలిసింది. చర్చి వాళ్లు, మసీదు పెద్దలు, రామాలయం కమిటీ వాళ్లు, ఇద్దరు ముగ్గురు రిటైరైన మాస్టార్లు. పొద్దున రక్తదానం, తర్వాత సభ, చివర్లో అందరికీ ఒకే పంక్తిలో భోజనాలు. కాలేజీ తెలుగు క్లబ్బులో ఉన్నానని విని, ఆయన జీవితం గురించి పది నిమిషాలు మాట్లాడమని నన్నడిగారు. మా తాతను పద్యాలు పాడమన్నారు. వయసులో ఉన్నప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయనే హరిశ్చంద్రుడు.

ఆ రోజు నేను చెప్పిన కథ ఇది. చెప్పకుండా దాటేసిన ముక్క ఒకటుంది, అది చివర్లో చెబుతాను.

గిద్దలూరులో గుంటూరు వైపు రైలెక్కితే కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ, కురిచేడు దాటాక వినుకొండ వస్తుంది. అంటే జాషువా మన రైలు దారిలోని మనిషే. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఇద్దరూ క్రైస్తవులు. 1876-78 కరువు తర్వాత ఒంగోలు కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషన్ చుట్టూ వేలమంది మాదిగలు క్రైస్తవంలోకి వెళ్లారు. మన కంభం, మార్కాపురం, ఆ పక్క వినుకొండ, అన్నిచోట్లా మిషన్ బంగళాలు లేచాయి. వాటితోపాటు బడులు వచ్చాయి. తరతరాలుగా అక్షరం ముట్టనివ్వని ఇళ్లకి పలక బలపం చేరింది అలాగే.

బడి అయితే దొరికింది కానీ గౌరవం దొరకలేదు. తోటి పిల్లలు, అయ్యవార్లు కూడా కులం పేరు పెట్టి ఎగతాళి చేసేవాళ్లు. చిన్న జాషువా తల వంచుకుని ఊరుకునే రకం కాదు, తిరగబడి కొట్టేవాడు. బొమ్మలు గీసేవాడు, పాటలు కట్టేవాడు. పద్యం మీదికి మనసు పోయాక సంస్కృతం కావాల్సి వచ్చింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. ఈ విషయం గుర్తు పెట్టుకోండి. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ పండితుడు ఒక మాదిగ తల్లి కొడుక్కి కాళిదాసును చెప్పాడు. తలుపులన్నీ ఒకేసారి మూసుకోవు, ఎక్కడో ఒకటి తెరిచి ఉంటుంది. కానీ ఆ ఒక్కటీ ఎవరో మనిషి పూనుకుని తెరిస్తేనే తెరుచుకుంటుంది.

1910లో పెళ్లయింది. మిషన్ బడిలో ఉద్యోగం, జీతం నెలకు మూడు రూపాయలు. అదీ పోయింది. రాజమండ్రి వెళ్లి 1915-16లో ఒక విచిత్రమైన పని చేశాడు. అప్పటికి సినిమాలకు మాటల్లేవు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథ చెబుతూ, పాత్రల మాటలు పలుకుతూ పోవాలి. ఇప్పటి మన భాషలో లైవ్ డబ్బింగ్ అన్నమాట. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి వాళ్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పాఠాలు చెప్పాడు. ఉభయ భాషా ప్రవీణ పట్టా పొందాడు. 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే ప్రభుత్వోన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో యుద్ధ ప్రచారకుడిగా కూడా పనిచేశాడు. 1957-59లో మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాత. ఇన్ని ఉద్యోగాల మధ్య ముప్పైకి పైగా పుస్తకాలు రాశాడు.

వినుకొండలో ఒకసారి అవధాన సభ జరిగింది. జాషువా లేచి తన పద్యాలు చదివాడు. తక్కువ కులం వాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. ఇది ఒక పక్క. ఇంకో పక్క, క్రైస్తవుడై పుట్టి హిందూ పురాణాల కథలు రాస్తాడా అని చర్చి పెద్దలకు కోపం వచ్చింది. కుటుంబాన్ని వెలేశారు. అక్కడ పుట్టుక అడ్డొచ్చింది, ఇక్కడ రాత అడ్డొచ్చింది. రెండు వైపులా దెబ్బ తిన్న మనిషి మెల్లగా నాస్తికత్వం వైపు జరిగాడు. కానీ మతాల మీద కోపంతో మనుషుల్ని వదులుకోలేదు. ముంతాజ్ మహల్ మీద రాశాడు, గాంధీ చనిపోయినప్పుడు బాపూజీ రాశాడు, క్రీస్తు చరిత్ర రాశాడు.

1932లో వచ్చిన ఫిరదౌసి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. గజనీ మహమూదు సుల్తాను షానామా రాయమని పారసీక కవి ఫిరదౌసిని కోరతాడు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానంటాడు. ఏళ్ల తరబడి కష్టపడి రాశాక బంగారం బదులు వెండి పంపిస్తాడు. చివరికి సుల్తాను మనసు మారి బంగారం పంపితే, అది చేరేసరికి కవి పోయాడని కథ. వినుకొండ క్రైస్తవుడికి పారశీక ముస్లిం కవి దుఃఖం సొంత దుఃఖంలా తోచింది. రాసి మోసపోవడం, అర్హత ఉండీ అవమానపడటం ఏ మతం వాడికైనా ఒకటే కదా.

1941లో గబ్బిలం వచ్చింది. చిన్నప్పుడు చదువుకున్న మేఘసందేశం ఇక్కడ పనికొచ్చింది. కాళిదాసు కావ్యంలో యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో నాయకుడు అంటరానివాడు, కూటికి లేనివాడు. ఆయన కబురు పంపేది కాశీలో ఉన్న శివుడికి. ఎవరితో పంపాలి? హంసలు, చిలకలు, మేఘాలు గొప్పవాళ్ల కబుర్లకే వెళ్తాయి. గుడిసెలోకి వచ్చేది గబ్బిలం ఒక్కటే. అందరూ అపశకునం అనుకునే గబ్బిలానికి గుడిలోకి వెళ్లడానికి అడ్డు లేదు. శివుడి నెత్తిన కప్పుకే వేలాడుతుంది. మనిషికి లేని ప్రవేశం దానికుంది. నా కష్టం స్వామి చెవిన వెయ్యమని దాన్ని బతిమాలుకుంటాడు. ఇంత అన్యాయాన్ని ఇంత మర్యాదగా, ఛందస్సు ఎక్కడా తప్పకుండా చెప్పడం చూసి నాకు కోపం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. ఎవరైతే పద్యం నీకెందుకన్నారో వాళ్ల పద్యంతోనే జవాబు చెప్పాడు.

తర్వాత గౌరవాలు వచ్చాయి. తిరుపతి వెంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, అదే ఏడు శాసనమండలి సభ్యత్వం. 1970లో పద్మభూషణ్. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు. ఫిరదౌసి కథ రాసిన మనిషికి పద్మభూషణ్ పోయే ముందు ఏడు వచ్చింది. పోయాక రాలేదు, అంతవరకు నయం.

ఆయన కథ ఆయనతో ఆగలేదు. 1960లో కూతురు హేమలత పెళ్లి గోరా గారి అబ్బాయి లవణంతో జరిగింది. గోరా అంటే విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోపరాజు రామచంద్రరావు, పుట్టుకతో బ్రాహ్మణుడు. హేమలత, లవణం కలిసి స్టువర్టుపురంలో దొంగల ముద్ర పడ్డ కుటుంబాల మధ్య పనిచేశారు. నిజామాబాదు జిల్లాలో జోగినీ ఆచారం మీద ఊరూరా పోరాడారు. జోగినులుగా, దేవదాసీలుగా ఆడపిల్లల్ని అర్పించడాన్ని నిషేధిస్తూ 1988లో రాష్ట్రంలో చట్టం వచ్చింది. తండ్రి పద్యంలో అడిగిన న్యాయాన్ని కూతురు ఊళ్లలో తిరిగి అడిగింది. ఆమె 2008లో పోయారు.

ఇదీ నేను చెప్పింది. చప్పట్లు కొట్టారు. తర్వాత మాట్లాడిన పెద్దలంతా జాషువా మావాడే అన్నారు. నిజమే, ఇప్పుడాయన అందరివాడు. ఆఖర్న మా తాత లేచాడు. హార్మోనియం లేదు, ఉత్త గొంతే.

హరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ కాటిసీనులో పాడే శ్మశానం పద్యాలు జాషువావి, నటులే తెచ్చి కలుపుకున్నారు. అక్షరం రాని వాళ్లు కూడా తెల్లవారుజామున కళ్లు నులుముకుంటూ ఆ పద్యాల కోసం కూర్చుంటారు, వన్స్ మోర్ కొడతారు. రాజైనా బంటైనా కాటిలో ఒకటేనని, అంటు ముట్టు అక్కడ చెల్లవని చెప్పే పద్యం వాటిలో ఉంది. తాత దాన్నే ఎత్తుకున్నాడు. ఎనభైకి దగ్గరపడ్డ గొంతు వణికింది. ముందు వరుసలో కూర్చున్న పాస్టరు గారు, మసీదు పెద్దాయన కళ్లు తుడుచుకోవడం చూశాను. నేనూ తుడుచుకున్నాను.

ఇప్పుడు నేను దాటేసిన ముక్క.

మా ఇంట్లో పశువుల కొట్టం గోడకి ఒక గూడు ఉంది. అందులో ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. మా చేలో మిరప, కంది పనులన్నీ చూసే పెద్దాయనకి టీ ఆ గ్లాసులోనే. తాగి ఆయనే కడిగి అక్కడే పెడతాడు. ఆయన మా నాన్న కంటే పెద్దవాడు. ఇంటర్ అయ్యేదాకా నేనాయన్ని పేరు పెట్టే పిలిచాను. ఆ రోజు పంక్తి భోజనాల్లో తాత, ఆ పెద్దాయన ఒకే వరుసలో కూర్చుని తిన్నారు. సాయంత్రం ఆయన ఇంటికొస్తే నేను లోపలి గ్లాసులో టీ పోసి ఇచ్చాను. ఆయన తీసుకోలేదు. ముందు తాత వైపు చూశాడు. తాత పేపర్లోంచి తల ఎత్తలేదు. అప్పుడు తీసుకుని, నిలబడే గబగబా తాగేశాడు. మర్నాడు పొద్దున అవ్వ మళ్లీ గూట్లో గ్లాసులోనే పోసింది. నేను చూస్తూ ఊరుకున్నాను. బస్సెక్కి కాలేజీకి వచ్చేశాను.

ఆ పద్యాలు ఎవరివో తాతకు తెలియదేమో అని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. తర్వాత సెలవుల్లో అడిగాను. తెలుసన్నాడు. నాటకం నేర్పిన మాస్టారు పద్యం చెప్పే ముందు రాసిన వాడి పేరు చెప్పి దండం పెట్టించేవాడట. అంటే యాభై ఏళ్లకు పైగా తాత జాషువాకు దండం పెడుతున్నాడు. గ్లాసూ యాభై ఏళ్లుగా అక్కడే ఉంది. దండం పెట్టడం తేలిక, గ్లాసు మార్చడం కష్టం. జయంతి సభలు వద్దని నేననను. ఆ రోజు ఆ పంక్తి వెయ్యకపోతే నాకు ఈ గ్లాసు కనిపించేదే కాదు. కానీ సభ అయ్యాక సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందన్నదే అసలు లెక్క.

తాతకు ఇప్పుడు కళ్లు సరిగ్గా ఆనవు. నేను రాసిందేదైనా ఫోన్లో చదివి వినిపించమంటాడు. ఈసారి సంక్రాంతికి వెళ్లి, ఇది మొత్తం, ఆఖరి ముక్కతో సహా, ఆయన పక్కన కూర్చుని చదవాలి. అవ్వ కూడా వింటుంది.