ఏనుగును ఎదపై నిలిపిన తెలుగు మల్లుడు

వనపర్తి: టీవీలలో కనిపించే వృత్తి కుస్తీలు పూర్తిగా పాశ్చాత్యుల సృష్టి అని నేటి యువతలో పలువురి భావన. అయితే టిక్కెట్టు పెట్టి బలప్రదర్శన చేసే విద్యలో నూరేళ్ళ క్రితమే దేశమంతటా పేరుగాంచిన తెలుగువాడు కోడి రామమూర్తి నాయుడు. కలియుగ భీమునిగా ప్రసిద్ధుడైన ఆయన జీవితంలో నేటి తరానికి తెలియని విశేషాలు అనేకం.

నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టం ఆయన స్వగ్రామం. బాల్యంలోనే విజయనగరంలోని పినతండ్రి ఇంటికి చేరి, అక్కడి తాలింఖానాలో కుస్తీ, సాము అభ్యసించారు. మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయునిగా పనిచేశారు. అనంతరం మిత్రుడు పొట్టి పంతులు తోడ్పాటుతో సర్కస్ కంపెనీ స్థాపించారు.

ఆ రోజులలో ఐరోపాలోనూ మల్లయోధులకు, బలశాలులకు సర్కస్ డేరాలు, నాటకశాలలే వేదికలు. అలా పేరు పొందిన యూజిన్ శాండో 1904-05లో భారతదేశంలో పర్యటించాడు. 1905లో స్వదేశీ ఉద్యమం ఊపందుకుంది. భారతీయులు బలహీనులన్న పాలకుల మాటకు సమాధానం కోరుతున్న జనానికి రామమూర్తి ప్రదర్శనలు ఆత్మవిశ్వాసాన్ని కలిగించాయి. 1910లో లండన్ వెళ్ళిన గామా పహిల్వాన్ అక్కడ జిబిస్కోను రెండున్నర గంటలపాటు చాపకు అదిమిపెట్టినదీ ఈ కాలంలోనే.

ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపడం, భుజాలకు కట్టిన గొలుసులతో మోటారు కార్లను కదలనీయక నిలపడం, ఛాతీపై పలక పరచి ఏనుగును ఎక్కించుకోవడం ఆయన ప్రదర్శనలలో ముఖ్యమైనవి. పలక వలన బరువు ఒకేచోట పడక పంపిణీ అవుతుంది. అయినా పక్కటెముకలు నిలవాలంటే శ్వాసపై పట్టు తప్పనిసరి. అందుకే ఆయన కండబలంతో సమానంగా ప్రాణాయామాన్ని సాధన చేశారు. మాంసాహారం ముట్టని శాకాహారి కావడం మరో విశేషం. ఇంగ్లండు రాజదంపతులు ఆయనకు ఇండియన్ హెర్క్యులిస్ బిరుదునిచ్చి గౌరవించినట్లు జీవితచరిత్రలు చెబుతాయి.

ఇంతటి బలశాలికి ఒక కాలి పుండు శత్రువైంది. వ్యాధి ముదరడంతో ఆ కాలిని తొలగించవలసి వచ్చింది. ఆర్జించినదంతా దానధర్మాలకు ఖర్చుచేసిన ఆయనను చివరి రోజులలో ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాయి. ఒడిశాలోని బలాంగీర్‌లో 1942లో కన్నుమూశారు.

విశాఖ సాగరతీరంలోని విగ్రహం, శ్రీకాకుళంలోని క్రీడా మైదానం ఆయన పేరును నిలుపుతున్నాయి. ఉత్తరాంధ్రకు ఆవల, ముఖ్యంగా పాలమూరు సీమలో ఆయన గాథ ఎరిగినవారు తక్కువ. జాతర కుస్తీలను ఆదరించే పల్లెలలో, పాఠశాలల వ్యాయామ తరగతులలో ఈ చరిత్రను పిల్లలకు చెప్పవలసి ఉంది. ఒక వ్యాయామోపాధ్యాయుడు శ్వాసను, క్రమశిక్షణను నమ్ముకుని ఎంత ఎత్తుకు ఎదిగాడో వారు గ్రహిస్తారు.