వైద్యతపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి ఒకనాడు వేంగీపురమై వెలసిల్లింది. శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు అక్కడ నుండి పరిపాలన సాగించారు. అందువల్లనే గోదావరి, కృష్ణా నదుల నడుమనున్న నేలకు వేంగిదేశమనే పేరు వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దం మధ్యలో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మించిన పిమ్మట కాలువలు పారి ఆ సీమ ధాన్యాగారమయింది. అయితే పైరును పెంచిన నీరే దోమలనూ పెంచింది. కొల్లేటి పరిసరాలలోను, డెల్టా గ్రామాలలోను బోదకాలు వ్యాధి తరతరాలుగా ప్రజలను వేధించింది. పచ్చని పొలాల నడుమ నివసించే పిల్లలు కూడా రక్తహీనతతో పాలిపోయేవారు. ఈ రెండు రుగ్మతలను ఎదుర్కొనే మందులు లోకానికి అందడానికి కారకుడైన శాస్త్రవేత్త ఆ సీమలోనే జన్మించాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం కారణంగా ఆయన ముందుగానే ఉద్యోగం విరమించవలసి వచ్చింది. సంతానం ఎక్కువ, సంపాదన తక్కువ. ఇంటి పెద్ద మంచం పడితే పిల్లల చదువు ఎట్లా కుంటుపడుతుందో సుబ్బారావుకు బాల్యంలోనే అనుభవంలోకి వచ్చింది. పదమూడేళ్ల వయసులో ఆయన ఇల్లు విడిచి కాశీకి ప్రయాణమయ్యారు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలన్నది ఆ బాలుని సంకల్పం. తల్లి ఆయనను వెనుకకు రప్పించి మళ్లీ బడిలో చేర్పించింది. తండ్రి మరణానంతరం నగలు అమ్మి అయినా కొడుకు చదువు ఆగకుండా చూసిన దృఢచిత్త ఆమె.

రాజమహేంద్రవరంలో చదువుకున్న సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పారు. మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలలో చేరి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. ఆయన బడికి వెళ్లే రోజులలో విద్యార్థుల ఆరోగ్యం పాఠశాలకు సంబంధించిన విషయంగా ఎవరూ భావించలేదు. మన దేశంలో బడి పిల్లలకు మొదటిసారిగా వైద్యపరీక్షలు జరిగింది 1909లో, బరోడా నగరంలో. అప్పటికి సుబ్బారావు పద్నాలుగేళ్ల బాలుడు. బరోడాలో మొదలైన ఆ ఏర్పాటు గోదావరి తీరంలోని బడులకు చేరడానికి ఎన్నో దశాబ్దాలు పట్టింది. అంతవరకు పిల్లవాడు చదువులో వెనుకబడితే మందబుద్ధి అనో, సోమరి అనో తలచేవారే గాని, ఒంట్లో రక్తం ఉన్నదో లేదో చూసేవారు లేరు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదువుతున్న కాలంలో సుబ్బారావు మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యసించి సేవ చేయాలని ఆయన ఆశించారు. తల్లి అందుకు అంగీకరించలేదు. వైద్యం నేర్చి రోగులను ఆదుకోవడం కూడా సేవామార్గమేనని గ్రహించి ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువుకయ్యే వ్యయానికి మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి అండగా నిలిచారు. అది స్వాతంత్ర్యోద్యమం ఊపందుకుంటున్న కాలం. గాంధీజీ పిలుపు నందుకొని సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులు ధరించి వెళ్లారు. ఆంగ్లేయ ఆచార్యునికి అది రుచించలేదు. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి చేసిన ప్రయత్నమూ ఫలించలేదు.

ఆ కాలంలోనే ఆయన కుటుంబంపై పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. తిన్న ఆహారాన్ని వంటబట్టనీయక, విరేచనాలతో శరీరాన్ని శుష్కింపజేసి, రక్తాన్ని హరించే వ్యాధి అది. ఉష్ణమండల దేశాలలో అది ఎందరినో పొట్టన పెట్టుకుంది. నాటి పాశ్చాత్య వైద్యంలో దానికి సరైన మందు లేదు. కొంతకాలానికి ఆ వ్యాధి సుబ్బారావుకు కూడా సోకింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్స వల్ల ఆయన కోలుకున్నారు. ఆ కృతజ్ఞతతో ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర బోధకునిగా చేరారు. రోగం నయమయింది గాని ప్రశ్న మిగిలింది. తన సోదరుల ప్రాణాలు తీసిన వ్యాధికి మూలమేమిటి? ఏ పదార్థం లోపించినందువల్ల రక్తం విరిగిపోయింది? ఈ ప్రశ్నలే ఆయన జీవితానికి దారి చూపాయి.

ఉష్ణమండల వ్యాధులను గురించి లోతుగా అధ్యయనం చేయాలన్న ఆకాంక్షతో ఆయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లదలచారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన ధనసహాయంతో ఆ ప్రయాణం సాధ్యమయింది. భార్య శేషగిరిని పుట్టినింట విడిచి, త్వరలో తిరిగి వస్తాననే తలంపుతో ఆయన ఓడ ఎక్కారు. ఆ తిరుగు ప్రయాణం ఎన్నడూ జరగలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు తండ్రి ముఖం చూడకుండానే పసితనంలో మరణించాడు. శాస్త్రసాధనకు ఆయన, ఆయన ఇల్లాలు చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు.

బోస్టన్ నగరంలో ఆయనకు వైద్యునిగా పనిచేసే అర్హత లభించలేదు. పొట్ట పోసుకోవడానికి ఆస్పత్రిలో రాత్రివేళ రోగుల సేవకునిగా పనిచేశారు. పగలు చదువు, రాత్రి చాకిరి. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన అనంతరం జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన ఆరంభించారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులభమైన పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటా వ్యాపించింది. ఆ తరువాత కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలను వారు గుర్తించారు. మనిషి నడిచినా, ఊపిరి పీల్చినా అందుకు వ్యయమయ్యే శక్తి ఏ.టి.పి. నుండే లభిస్తుంది. నేడు ఇంటర్మీడియెట్ జీవశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఆ పేరు వింటాడు. దాని వెనుక ఒక తెలుగువాని శ్రమ ఉన్నదని ఎరిగినవారు మాత్రం తక్కువ. 1930లో ఆయన డాక్టరేట్ పొందారు. ఇంతటి కృషి చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఆచార్య పదవి ఇవ్వలేదు.

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, కొద్దికాలానికే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. సోదరుల మరణం నాటినుండి మదిలో మెదలుతున్న ప్రశ్నకు సమాధానం వెదికే అవకాశం అక్కడ లభించింది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించింది. ఈస్ట్ సారం ఇచ్చినప్పుడు వారు కోలుకుంటున్నారని ఆమె గుర్తించింది. కాని ఆ సారంలోని గుణకారి ఏదో తెలియలేదు. 1941లో అమెరికాలోని మరికొందరు శాస్త్రజ్ఞులు అటువంటి పదార్థాన్ని పాలకూర నుండి వేరుచేసి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ పదాన్ని బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. ప్రకృతి నుండి అది లభించే పరిమాణం అత్యల్పం. సుబ్బారావు నాయకత్వంలోని బృందం కాలేయం నుండి దానిని రాబట్టి, నిర్మాణాన్ని ఛేదించి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేయగలిగింది. ఆ మందు రక్తహీనతను, స్ప్రూ వ్యాధిని నయం చేయగలదని వైద్యులు త్వరలోనే నిరూపించారు. అన్నదమ్ములను రక్షించుకోలేకపోయిన మనిషి పాతికేళ్ల తరువాత అదే రోగంతో బాధపడుతున్న అసంఖ్యాకులకు ప్రాణదానం చేశాడు.

ఫోలిక్ ఆమ్లం మీద సాగిన పరిశోధన మరొక ద్వారం తెరిచింది. రక్తకణాల వృద్ధికి ఆ విటమిను అవసరమైతే, దానిని అడ్డుకొనే పదార్థం క్యాన్సర్ కణాల వృద్ధిని కూడా అడ్డుకోవాలి. సుబ్బారావు బృందం రూపొందించిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన బాలలకు ఇచ్చి చూశాడు. కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో వెల్లడించాడు. అంతకు ముందు ఆ పిల్లలకు ఏ ఆశా లేదు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వారి చికిత్సలో ప్రధానమైన ఔషధం. ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశక ఔషధం కూడా సుబ్బారావు అధిపతిగా ఉన్న ప్రయోగశాలలోనే, బెంజమిన్ డగ్గర్ కృషి వల్ల వెలువడింది.

పుట్టిన సీమకు ఆయన చేసిన మేలు మరొకటి ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పసిఫిక్ దీవులలో పోరాడిన అమెరికా సైనికులు బోదకాలు వ్యాధికి గురయ్యారు. దానికి మందు కనిపెట్టే ప్రయత్నంలో లెడర్లీ శాస్త్రజ్ఞులు హెట్రజాన్ అనే ఔషధాన్ని రూపొందించి 1947లో ప్రకటించారు. డై ఇథైల్ కార్బమజైన్, సంక్షిప్తంగా డి.ఇ.సి. అన్నది దాని రసాయన నామం. బోదకాలు క్రిములు దోమకాటు వల్ల మనిషి దేహంలో ప్రవేశించి, రసనాళాలలో నివసిస్తాయి. వాటి పిల్లలు రాత్రివేళ రక్తంలో సంచరిస్తాయి. అందుకే ఆ వ్యాధికి రక్తపరీక్షలు రాత్రిపూట జరుపుతారు. క్రిములు చాలామందికి బాల్యంలోనే సోకుతాయి. కాలు వాచేది మాత్రం ఎన్నో ఏళ్ల తరువాత. వాపు ముదిరిన పిమ్మట దానిని పూర్వస్థితికి తేవడం దుస్సాధ్యం. కనుక బోదకాలును అరికట్టవలసింది పిల్లలు బడికి వెళ్లే వయసులోనే.

ఇన్ని విజయాలు సాధించినా సుబ్బారావు కీర్తికై పాకులాడలేదు. బృందంలోని వారిని ముందు నిలిపి తాను వెనుక నిలిచేవారు. అమెరికా పౌరసత్వం స్వీకరించలేదు. 1948 ఆగస్టులో, స్వతంత్ర భారతదేశానికి ఏడాది నిండుతున్న తరుణంలో, నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు యాభై మూడేళ్లు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

మందు కనిపెట్టడంతోనే రోగం మాయం కాదు. అది అవసరమైన వారి నోటికి చేరాలి. బడి పిల్లల ఆరోగ్యరక్షణకు తగిన ఏర్పాట్లు లేవని 1946లో భోర్ కమిటీ ఎత్తి చూపింది. 1960లో రేణుకా రే అధ్యక్షతన పాఠశాల ఆరోగ్య సంఘం ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2010 నవంబరు 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష పథకం మొదలయింది. 2013లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్యబృందాలు ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లి పిల్లలను పరీక్షించి, అవసరమైన వారిని ఆస్పత్రులకు పంపాలి. వారం వారం కౌమార వయస్కులకు బడిలో ఇచ్చే నీలిరంగు మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇనుముతో కలిసి ఉంటుంది. ఆ మాత్ర ఆడపిల్లలకు మరింత ముఖ్యం. గర్భధారణకు ముందు నుండి తల్లికి ఫోలిక్ ఆమ్లం అందితే పుట్టబోయే శిశువుకు వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో రుజువయింది.

బోదకాలు నిర్మూలనకై 2004 నుండి దేశంలోని వ్యాధిపీడిత జిల్లాలలో ఏటా డి.ఇ.సి. మాత్రలు పంచారు. నాటి పశ్చిమగోదావరి జిల్లా వాటిలో ఒకటి. మాత్రలు చేతికిచ్చి వెళ్లిపోకుండా ఎదుటనే మింగించడం ఆ పథకంలోని నియమం. వ్యాధి నిజంగా తొలగిందో లేదో తేల్చడానికి ఆరేడేళ్ల పిల్లల రక్తాన్ని పరీక్షిస్తారు. ఆ పసివారిలో క్రిముల జాడ లేదంటే వ్యాధి వ్యాప్తి ఆగినట్లే. ఒక సీమ ఆరోగ్యానికి ఒకటవ తరగతి పిల్లలే సాక్షులన్నమాట.

ఇన్ని ఏర్పాట్లు ఉన్నా పిల్లవాడు భయంతోనో, నిర్లక్ష్యంతోనో మాత్రను కిటికీలోంచి విసిరివేస్తే అవన్నీ వ్యర్థమవుతాయి. ఖాళీ కడుపుతో మింగితే కొందరికి వికారం కలుగుతుంది. అందుకే మధ్యాహ్న భోజనం తరువాత ఇవ్వాలని నియమం పెట్టారు. ఆ సంగతి చెప్పి ధైర్యపరిచే ఉపాధ్యాయుడు, తోటకూరను, మునగాకును చులకన చేయని ఇల్లాలు, మురుగునీరు నిలవనీయని గ్రామం తోడైనప్పుడే శాస్త్రవేత్త శ్రమ సఫలమవుతుంది.

పెదవేగిలో నేడు జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. పల్లె పిల్లలు అక్కడే నివసిస్తూ చదువుకుంటారు. 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలోని ప్రభుత్వ పాఠశాలల్లో వేలాది పిల్లలు చదువుతున్నారు. ఎనిమిది రోజులలో ఇద్దరు సోదరులను కోల్పోయిన యువకుని వేదన వారి అరచేతిలో చిన్న మాత్రగా మారింది. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కిన విద్యార్థి లోకానికి ఇంతటి మేలు చేయగలిగాడు. చదువులో వెనుకబడిన ఏ పిల్లవాడినీ తీసిపారేయరాదనీ, ముందు అతని ఆరోగ్యం చక్కగా ఉన్నదో లేదో విచారించాలనీ యల్లాప్రగడ జీవితం బోధిస్తున్నది.