ధ్వనిని కంటికి చూపిన శాస్త్రవేత్త: సి.వి. రామన్



సి.వి. రామన్ పేరు వినగానే మీకు రామన్ ఫలితం, నోబెల్ బహుమతి గుర్తుకు వస్తాయి. అవి కాంతికి సంబంధించినవి. కాని అంతకుముందు ఆయన ఎన్నో ఏళ్లు ధ్వనిని గురించి పరిశోధించారని మీకు తెలుసా? వీణ, తంబురా, వయొలిన్, మృదంగం, తబలా ఆయన ప్రయోగశాలలో చోటు చేసుకున్నాయి. ఆ పనిలో కొంత భాగం ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో చేసినదే. పగలు పనిచేసి రాత్రి ఈ పుస్తకం తెరిచే మీకు ఆయన జీవితంలోని ఈ ఘట్టం దగ్గరగా అనిపిస్తుంది.

1. బాల్యం, చదువు

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్, తల్లి పార్వతీ అమ్మాళ్. 1892లో తండ్రికి విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడిగా ఉద్యోగం వచ్చింది. అందువల్ల రామన్ బాల్యం మన విశాఖ సముద్రతీరంలో గడిచింది. ఆయన 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1904లో బి.ఎ., 1907లో ఎం.ఎ. పట్టాలు పొందారు.

ఆ రోజుల్లో మన దేశంలో పరిశోధనను వృత్తిగా చేసుకొని బతకడం కష్టం. అందుచేత రామన్ ఆర్థికశాఖ పరీక్ష రాసి, 1907లో కలకత్తాలో (ఇప్పటి కోల్‌కతా) అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. అదే ఏడు ఆయన వివాహం లోకసుందరితో జరిగింది. ఆమె వీణ వాయించేవారు.

2. ఉదయం, సాయంత్రం ప్రయోగశాల

కలకత్తా బౌబజార్ వీధిలో వైజ్ఞానిక అధ్యయనం కోసం ఏర్పడిన ఒక సంఘం ఉండేది. దాని పేరు ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ దానిని 1876లో స్థాపించారు. ఆయన 1904లో మరణించేనాటికి అక్కడ భవనం, పరికరాలు ఉన్నాయి గాని పరిశోధించేవారు కరువయ్యారు. రామన్ ఆ తలుపు తట్టారు. సంఘం ఆయనకు స్వాగతం పలికింది.

అప్పటినుండి రామన్ తెల్లవారగానే ప్రయోగశాలకు వెళ్లేవారు. తర్వాత కార్యాలయం. కార్యాలయం పని ముగియగానే మళ్లీ ప్రయోగశాల. రాత్రి పొద్దుపోయాక ఇల్లు. బదిలీపై రంగూన్, నాగపూర్ వెళ్లినా ఆయన పరిశోధన మానలేదు. 1911లో తిరిగి కలకత్తా వచ్చారు.

అక్కడ ఆయనకు తోడుగా నిలిచిన వ్యక్తి ఆశుతోష్ డే. ఈయన విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టి చదివినవారు కారు. ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేస్తూ నేర్చుకున్నారు. ధ్వని పౌనఃపున్యాన్ని కొలిచే ఒక కొత్త పద్ధతిపై ఆయన రాసిన పత్రాన్ని 1919లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది. రామన్ దానికి ముందుమాట మాత్రమే రాసి, పత్రాన్ని ఆశుతోష్ పేరుతోనే పంపారు. పట్టా లేనివారి పనికి కూడా దక్కవలసిన గౌరవం దక్కాలన్న విషయం ఇక్కడ గమనించండి.

3. వయొలిన్ వాయించే యంత్రం

వయొలిన్ తీగపై కమాను లాగితే తీగ కొంతసేపు కమానుకు అంటుకొని కదులుతుంది. తర్వాత జారి వెనక్కు వస్తుంది. ఇది సెకనుకు వందల సార్లు జరుగుతుంది కనుక కంటికి కనబడదు. రామన్ తీగలోని ఒక బిందువు కదలికను, కదిలే ఫొటో పలకపై గీతగా పడేట్లు చేశారు. అలా ధ్వని చూడదగిన బొమ్మ అయింది.

కాని ఒక చిక్కు ఉంది. మనిషి చేయి ప్రతిసారీ ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో కమాను లాగలేదు. ఫలితం మారితే కారణం ఏదో ఎలా తెలుస్తుంది? అందుకని రామన్ ప్రయోగశాలలోనే ఒక యంత్రాన్ని తయారుచేయించారు. ఇందులో కమాను కదలదు. మోటారు సాయంతో వయొలినే ముందుకు వెనక్కు సమవేగంతో కదులుతుంది. దీనితో వేగం, ఒత్తిడి, కమాను తాకే చోటు అనే మూడింటిలో ఒక్కదాన్ని మార్చి, మిగిలినవాటిని స్థిరంగా ఉంచవచ్చు. కమాను గుర్రం దగ్గరకు జరిగేకొద్దీ ఎక్కువ ఒత్తిడి కావాలని ఈ ప్రయోగాలు చూపాయి. (తీగలను మోసే చెక్కను గుర్రం అంటారు.) ఈ ఫలితాలు 1920లో వెలువడ్డాయి.

సెల్లో వంటి వాద్యాల్లో ఒక స్వరం దగ్గర శబ్దం వణుకుతుంది. వాదకులు దీనిని తోడేలు స్వరం అంటారు. రామన్ తీగ కదలికను, వాద్యం పెట్టె కదలికను ఒకేసారి ఫొటో తీసి పోల్చారు. లోపం వాదకుడి చేతిలో లేదు. ఆ స్వరం దగ్గర పెట్టె అనునాదం చెంది, తీగ శక్తిని అధికంగా లాగుకుంటోంది. అందువల్ల తీగ నిలకడగా కంపించలేకపోతోంది.

4. మృదంగంపై నల్లని ముద్ద

బిగించిన మామూలు తోలుపై కొడితే పుట్టే అతిస్వరాలు ప్రాథమిక స్వరంతో పొసగవు. ప్రాథమిక స్వరం పౌనఃపున్యం 1 అనుకుంటే తర్వాతివి సుమారు 1.59, 2.14, 2.30 వస్తాయి. కాని మృదంగం, తబలాల మూతపై నల్లని ముద్ద పూస్తారు. దాని బరువు వల్ల అతిస్వరాలు దాదాపు 2, 3, 4, 5 రెట్లుగా సర్దుకుంటాయి. అందుకే ఆ వాద్యాలు శ్రుతిలో పలుకుతాయి. రామన్, శివకాళీ కుమార్ ఈ విషయాన్ని 1920లో నేచర్ పత్రికలో ప్రకటించారు. తోలుపై సన్నని ఇసుక చల్లితే, కంపించని చోట ఇసుక నిలిచి బొమ్మలు ఏర్పడతాయి. మన వాద్యకారులు చెవితో సాధించినదానికి శాస్త్రం ఇలా కారణం చూపింది.

5. ఉద్యోగం వదిలిన నిర్ణయం

1917లో సర్ ఆశుతోష్ ముఖర్జీ పిలుపుపై రామన్ కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవిలో చేరారు. జీతం బాగా తగ్గింది. భద్రమైన ప్రభుత్వోద్యోగం పోయింది. అయినా ఆయన వెనుకాడలేదు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం, 1930లో నోబెల్ బహుమతి ఈ బాటలోనే వచ్చాయి. 1933లో ఆయన బెంగళూరు వెళ్లారు. ఆ తర్వాత సంఘం నిర్వహణపై విభేదాలు వచ్చి దానితో సంబంధం తెగిపోయింది. 1970 నవంబరు 21న రామన్ మరణించారు.

6. మనం నేర్చుకోవలసినది

ఈనాడు ప్యూర్ డేటా వంటి కంప్యూటర్ సాధనాలున్నాయి. వాటిలో తెరపై పెట్టెలను గీతలతో కలిపి ధ్వనిని తయారుచేస్తారు. శబ్దం రాకపోతే అన్నీ ఒకేసారి మార్చకూడదు. ఒక్కొక్క పెట్టెనే పరీక్షించి లోపం ఎక్కడుందో కనుక్కోవాలి. కనుక్కున్నది ఇతరులతో పంచుకోవాలి. రామన్ కూడా తన యంత్రాల నిర్మాణాన్ని దాచుకోలేదు. సంఘం పత్రికల్లో వివరంగా ప్రకటించారు.

చేసి చూడండి

ఒక గిన్నె మూతికి పలుచని ప్లాస్టిక్ కాగితం బిగించి కట్టండి. దానిపై కొద్దిగా బొంబాయి రవ్వ చల్లండి. దగ్గరగా వంగి, ఊపిరి రవ్వకు తగలకుండా, ఒకే స్వరంలో గట్టిగా పాడండి. రవ్వ కదలకపోతే మొదట స్వరం మాత్రమే మార్చండి. తర్వాత బిగింపు మాత్రమే. ఆ తర్వాత రవ్వ పరిమాణం మాత్రమే. ఏ మార్పుతో ఏం జరిగిందో నోటు పుస్తకంలో రాసుకొని, మీ అధ్యయన కేంద్రంలోని తోటివారికి చూపండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. రామన్ తన యంత్రంలో కమానును ఎందుకు స్థిరంగా ఉంచారు?
2. మృదంగంపై నల్లని ముద్ద లేకపోతే ఏమవుతుంది?
3. మీ పనిలో ఎదురైన ఒక లోపాన్ని, దాని కారణాన్ని ఎలా కనుక్కున్నారో పది వాక్యాల్లో రాయండి.