ఎక్స్‌రే బండి నడిపిన మేడమ్ క్యూరీ

మేరీ క్యూరీ అనగానే మనకు గుర్తొచ్చేవి రేడియం, రెండు నోబెల్ బహుమతులు. పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించని క్యూరీ ఇంకొకరున్నారు. రోగి ఎక్స్‌రే దగ్గరికి రాలేకపోతే ఎక్స్‌రేనే బండిలో పెట్టుకుని రోగి దగ్గరికి వెళ్లిన క్యూరీ. స్కానింగ్ కోసం గిద్దలూరు, కంభం, మార్కాపురం నుంచి ఒంగోలుకో గుంటూరుకో బయల్దేరే కుటుంబాలు తెలుసుకోవాల్సిన కథ అది.

వార్సా నుంచి పారిస్‌కు

మేరీ 1867 నవంబరు 7న పోలండ్‌లోని వార్సాలో పుట్టారు. అప్పుడు ఆ నగరం రష్యా ఏలుబడిలో ఉండేది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు చోటు లేదు. అక్క పారిస్‌లో డాక్టరీ చదువుతుంటే, మేరీ కలవారి పిల్లలకు పాఠాలు చెప్పి ఆమెకు డబ్బు పంపారు. 1891లో తానూ పారిస్ చేరారు. 1895లో పియరీ క్యూరీని పెళ్లాడారు. జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనిపెట్టిందీ ఆ ఏడాదే.

1898లో భార్యాభర్తలు పొలోనియం, రేడియం కనిపెట్టారు. 1903లో భౌతికశాస్త్ర నోబెల్‌ను బెకరెల్‌తో కలిసి అందుకున్నారు. 1906లో పియరీ గుర్రపుబండి కింద పడి చనిపోయారు. ఇద్దరు చిన్న కూతుళ్లతో మిగిలిన మేరీ పరిశోధన మానలేదు. 1911లో రసాయనశాస్త్ర నోబెల్ కూడా వచ్చింది.

యుద్ధంలోకి ఎక్స్‌రే

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎక్స్‌రే యంత్రాలు పెద్ద ఊళ్ల ఆసుపత్రుల్లోనే ఉండేవి. యుద్ధభూమి దగ్గర సర్జన్లు ఒంట్లో తూటా ఎక్కడుందో తెలియక గాయాన్ని కెలికి వెతికేవారు. గాయపడిన వాళ్లను దూరం తీసుకెళ్తే దారిలోనే ప్రాణం పోయేది.

మేరీ ఉపాయం సులువైనదే. ఒక మోటారు కారు, దాని ఇంజినుతో తిరిగే డైనమో, ఎక్స్‌రే గొట్టం, బల్ల, ఫొటో పలకలు, గది చీకటి చేయడానికి నల్ల తెరలు. కార్ల కోసం సంపన్నుల ఇళ్లకు వెళ్లి అడిగారు. అలా దాదాపు 20 బండ్లు తయారయ్యాయి. సైనికులు వాటిని ముద్దుగా చిన్న క్యూరీలు అన్నారు. ఆసుపత్రుల్లో మరో 200 ఎక్స్‌రే గదులు ఏర్పాటు చేయించారు. ఈ బండ్లలో, గదుల్లో పరీక్ష చేయించుకున్న క్షతగాత్రులు 10 లక్షలకు పైమాటే.

యంత్రం ఒక్కటే చాలదు

మేరీ డాక్టరు కాదు. అందుకని దాదాపు యాభయ్యేళ్ల వయసులో శరీర నిర్మాణం చదివారు, ఎక్స్‌రే తీయడం నేర్చుకున్నారు, 1916లో కారు నడిపే లైసెన్సు తీసుకున్నారు. పదిహేడేళ్ల పెద్దకూతురు ఐరీన్‌ను వెంట తీసుకెళ్లారు.

యంత్రాలు పంపి ఊరుకుంటే పని జరగదని ఆమెకు తెలుసు. ఒక్క ఫొటోలో తూటా కుడివైపుందో ఎడమవైపుందో తెలుస్తుంది గానీ ఎంత లోతులో ఉందో తెలియదు. గొట్టాన్ని జరిపి రెండోసారి తీసి, లెక్క కట్టాలి. అది తెలిసిన మనుషులు కావాలి. అందుకే దాదాపు 150 మంది మహిళలకు విద్యుత్తు, ఎక్స్‌రే, శరీర నిర్మాణం నేర్పించి ఆసుపత్రులకు పంపారు.

ఆ సేవకు మూల్యం కూడా ఉంది. కిరణాల నుంచి ఒంటిని కాపాడుకునే పద్ధతులు అప్పటికి సరిగా లేవు. 1934 జులై 4న, ఎముక మజ్జ రక్తం తయారుచేయలేని జబ్బుతో మేరీ కన్నుమూశారు. 1995లో ఆమె అవశేషాలను పారిస్‌లోని పాంథియాన్‌కు తరలించినప్పుడు పరీక్షించారు. జబ్బుకు రేడియం కన్నా యుద్ధకాలపు ఎక్స్ కిరణాలే కారణమై ఉండొచ్చని ఫ్రాన్స్ నిపుణులు భావించారు.

మన నేల మీద

మేరీ పోయిన మూడేళ్లకు, 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని వైద్య పత్రికల్లో వచ్చింది. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. ఆ పరిశోధకుల్లో మద్రాసు ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్ ఒకరు. బోరు నీటిలోని ఫ్లోరైడు ఎముకల్ని గట్టిపరచి వెన్నును బిగించేయడం ఎక్స్‌రేలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

మార్కాపురం పలకల సంగతీ అంతే. రాయి కోసేచోట లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ మచ్చలు వస్తాయి. ఫిల్ములో అవి క్షయ మచ్చల్లా కనిపించొచ్చు. రెండూ కలిసి ఉండొచ్చు కూడా. ఆ మనిషి ఏం పని చేశాడో తెలియకపోతే తేడా పట్టుకోవడం నిపుణుడికీ కష్టమే. అందుకే రేడియాలజిస్టును కలిసినప్పుడు చేసిన పని, తాగిన నీరు, వాడిన మందులు తప్పక చెప్పండి.

వెళ్లేముందు చూసుకోవాల్సినవి

* ఫిల్ము తీసేది టెక్నీషియన్, చదివేది రేడియాలజిస్టు. రిపోర్టు మీద డాక్టరు పేరు, ఎండీ, డీఎన్‌బీ లేదా డీఎంఆర్‌డీ వంటి అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉన్నాయో లేదో చూడండి.
* ఎక్స్‌రే, సీటీ యంత్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉండాలి. అల్ట్రాసౌండ్ కేంద్రం 1994 చట్టం కింద నమోదై, ఆ పత్రం గోడకు కనిపించాలి. కడుపులో ఉన్నది ఆడో మగో అడగడం, చెప్పడం రెండూ నేరమే.
* పాత ఫిల్ములు, సీడీలు వెంట తీసుకెళ్లండి. పోల్చి చూస్తే మళ్లీ తీయాల్సిన అవసరం తప్పొచ్చు. ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే ఛాతీ సీటీలో కిరణాల మోతాదు పదుల రెట్లు ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో, ఎంఆర్ఐలో ఆ కిరణాలు ఉండవు.
* గర్భం ఉన్నా, అనుమానం ఉన్నా గదిలోకి వెళ్లకముందే చెప్పండి. పిల్లల్ని పట్టుకోవాల్సి వస్తే సీసం ఆప్రాన్ అడగండి.
* రంగుమందు ఎక్కించి తీసే సీటీకి ముందు కిడ్నీ జబ్బు, షుగరు మాత్రలు, అలర్జీ గురించి చెప్పండి. ఎంఆర్ఐకి ముందు పేస్‌మేకర్ గానీ ఒంట్లో లోహం గానీ ఉంటే చెప్పాలి.
* రిపోర్టుకూ బాధకూ పొంతన కుదరకపోతే మీ డాక్టరును రేడియాలజిస్టుతో మాట్లాడమనండి. లేదా అదే ఫిల్మును మరొకరికి చూపించండి. దానికి కొత్త స్కాన్ అక్కర్లేదు.

కాబట్టి ఈసారి ఒంగోలు బస్సెక్కేముందు ఎక్కడ కొత్త మెషిన్ వచ్చిందని వాకబు చేయడంతో ఆగకండి. అక్కడ ఫిల్ము ఎవరు చదువుతారో కూడా అడగండి.